నలభై ఏళ్ల తర్వాత సొంత జిల్లాకు: మలివయసు మకాం మార్పులో తడబాటు ఎక్కడ?

క్లుప్తంగా: ఉద్యోగమో కూలో చేసుకుంటూ దశాబ్దాల పాటు బయట గడిపి, అరవై దాటాక శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు తిరిగి వస్తున్నవారికి సామాను తరలింపు పెద్ద సమస్య కాదు. అది రెండు మూడు రోజుల పని. అసలు చిక్కు మొదటి ఏడాదిలో ఉంటుంది. నగరంలో అలవాటైన డాక్టరు, మందుల షాపు, చీకట్లోనూ తడబడకుండా నడిచిన ఇల్లు, అన్నీ ఒకేసారి దూరమవుతాయి. సొంతూరే కదా అన్న ధీమాతో వీటి గురించి ముందుగా ఎవరూ ఆలోచించరు. ఆసుపత్రి దూరం, ఇంటి మెట్లు, స్నానాల గది, తాగునీరు, తుపాను కాలం, కాగితాల వరస, ఇంటి ఇల్లాలి ఒంటరితనం: ఇబ్బందులు ఎక్కువగా వీటిచుట్టూనే వస్తాయి.

తిరిగి రావడం ఎందుకు, తడబడటం ఎందుకు

ఉత్తరాంధ్ర నుంచి వలసలు ఈనాటివి కావు. రైల్వే కొలువులకు ఖరగ్‌పూర్, ఉక్కు కర్మాగారాలకు భిలాయ్, జంషెడ్‌పూర్, భవన నిర్మాణ పనులకు హైదరాబాద్, చెన్నై వెళ్లిన కుటుంబాలు ఈ రెండు జిల్లాల్లో దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. పనికాలం ముగిశాక వెనక్కి రావడానికి లెక్క సులువుగానే కనిపిస్తుంది. అక్కడ క్వార్టరు ఖాళీ చేయాలి, లేదా పింఛనులో పెద్ద ముక్క అద్దెకు పోతుంది. ఇక్కడ తాతల నాటి ఇంట్లో వాటా ఉంది. పిల్లలు ఎలాగూ వేరే చోట స్థిరపడ్డారు.

పూర్తిగా కొత్త ఊరికి వెళ్లేవారు ప్రతిదీ అడిగి తెలుసుకుంటారు. సొంతూరికి వచ్చేవారు అడగరు, తెలుసుననుకుంటారు. కానీ వారికి తెలిసిన ఊరు ఇరవై ఏళ్ల వయసులో విడిచిపెట్టినది. ఏటా సంక్రాంతికి వచ్చి నాలుగు రోజులు ఉండి వెళ్లినా చూసేది పండగనాటి ఊరినే. మే నెల మధ్యాహ్నపు ఉక్కపోతనూ, అక్టోబరు తుపాను రాత్రినీ, ఆసుపత్రికి బండి దొరకని అర్ధరాత్రినీ ఆ నాలుగు రోజుల్లో చూసే అవకాశం ఉండదు. మారింది ఊరొక్కటే కాదు. అప్పట్లో గోడ దూకిన మనిషికి ఇప్పుడు గడప దాటేటప్పుడు పట్టుకోవడానికి ఆసరా కావాలి.

ఇల్లు ఎక్కడ అన్నది ఆసుపత్రి దూరంతో తేలాలి

ఇంటి ఎంపికలో వాటా, సెంటిమెంటు ముందుకొస్తాయి. డెబ్బైకి చేరువవుతున్నవారికి ముందు చూడాల్సింది సమయం. పక్షవాతం వచ్చినప్పుడు రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. దానికి ముందు సీటీ స్కాన్ తప్పనిసరి. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం వంద కిలోమీటర్ల పైచిలుకు, విజయనగరం నుంచి అరవై వరకు. ఇచ్ఛాపురం వైపు నుంచైతే జాతీయ రహదారి మీద కూడా మూడున్నర, నాలుగు గంటల ప్రయాణం. బండి కుదిరి, మనుషులు తేరుకుని బయలుదేరడానికి పట్టే సమయం కలిపితే గడువు దారిలోనే అయిపోతుంది.

అందువల్ల విశాఖ పెద్దాసుపత్రి పేరు తెలిసి ఉంటే సరిపోదు. రాత్రి కూడా స్కాన్ చేసి, ఆ ఇంజెక్షను ఇచ్చే ఆసుపత్రి దగ్గరలో ఏదో రాగానే కనుక్కోవాలి. శ్రీకాకుళంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, రాగోలులో వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. విజయనగరం వైపు నెల్లిమర్లలో ప్రైవేటు వైద్య కళాశాల ఉంది, పట్టణంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఇచ్ఛాపురం, కవిటి వాసులకు విశాఖ కన్నా ఒడిశాలోని బరంపురం ఎంతో దగ్గర. అయితే అది వేరే రాష్ట్రం కాబట్టి చేతిలోని ఆరోగ్య కార్డు అక్కడి ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో ముందే అడిగి రాసిపెట్టుకోవాలి. ఆపదలో అడిగే తీరిక ఉండదు.

డెబ్బై నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా ఏటా 5 లక్షల రూపాయల వరకు చికిత్స ఇచ్చే కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ వయవందన పథకం 2024 అక్టోబరు 29న మొదలైంది. ఆధార్ ఆధారంగా కార్డు ఇస్తారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులుగానో, సైన్యంలోనో పనిచేసి ఇప్పటికే వైద్య సదుపాయం పొందుతున్నవారు ఆ రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. నగరంలో ప్రత్యేక డిస్పెన్సరీకి నడిచి వెళ్లిన కేంద్ర పింఛనుదారు ఆ సదుపాయం లేని ఊరికి మారితే ఎంపిక కీలకమవుతుంది.

డయాలసిస్ చేయించుకుంటున్నవారికి మాత్రం వరస తిరగబడాలి. ముందు కేంద్రంలో వారానికి రెండో మూడో వంతులు ఖాయం కావాలి, తర్వాతే సామాను కట్టాలి. పలాస, సోంపేట, కవిటి కేంద్రాలున్నా, కిడ్నీ జబ్బు విస్తృతంగా ఉన్న ఉద్దానం ప్రాంతపు రోగుల తాకిడి వాటి మీద ఎక్కువ.

పాత డాక్టరు దగ్గర చివరిసారి చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. వాడుతున్న ప్రతి మందునూ కంపెనీ పేరుతో కాక అసలు మందు పేరుతో, మోతాదుతో రాయించుకోవాలి. నగరంలో దొరికే బ్రాండు మండల కేంద్రంలోని షాపులో దొరకకపోవచ్చు. పేరు తెలియక మానేసిన బీపీ మాత్రే మొదటి నెలల్లో పెద్ద ప్రమాదం. పాత ఈసీజీ కాగితం ఒకటి దగ్గరుంటే కొత్త డాక్టరుకు పోల్చి చూడటానికి వీలవుతుంది. రెండు నెలల మందులు తెచ్చుకోవాలి, అవి లారీలో కాదు, చేతిసంచిలో రావాలి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ కడితే పనికిరాదు.

ఉక్కపోత, మందుల లెక్క

హైదరాబాద్ సముద్ర మట్టానికి ఐదు వందల మీటర్ల పైన ఉంది. అక్కడి ఎండ పొడిగా ఉంటుంది, పట్టిన చెమట వెంటనే ఆరి ఒంటిని చల్లబరుస్తుంది. తీర జిల్లాల్లో గాలిలో తేమ ఎక్కువ, చెమట కారుతుందే గాని ఆరదు. ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీలు తక్కువ చూపించినా శరీరానికి భారం ఎక్కువగా ఉండేది ఇందుకే. వయసు మీదపడ్డాక దాహం వేయడం కూడా తగ్గుతుంది. బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడేవారిలో చెమటతో పోయే ఉప్పు, మాత్రతో పోయే ఉప్పు కలిసి సోడియం పడిపోవచ్చు. నీరసం, మాట తడబాటు, నడకలో తూలుడు వస్తాయి. ఇంట్లోవాళ్లు దాన్ని వయసు ఖాతాలో వేసేస్తారు. మొదటి వేసవి రాకముందే మార్చిలో కొత్త డాక్టరుతో మాత్రల మోతాదు మాట్లాడి, సోడియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు చేయించుకోవడం మంచిది.

ఆ క్రియాటినిన్ పరీక్ష ఉద్దానం చేరేవారికి మరీ అవసరం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో మధుమేహం, బీపీ లేనివారిలోనూ దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు విస్తృతంగా ఉంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. హిరమండలం జలాశయం నుంచి పైపుల ద్వారా వంశధార నీరిచ్చే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఇక్కడ ఇల్లు చేరగానే ఒకసారి పరీక్ష చేయిస్తే తర్వాతి ఏళ్లలో పోల్చుకోవడానికి ఆ అంకె ఉంటుంది. మోకాళ్ల నొప్పులకు షాపులో అడిగి కొనే నొప్పి మాత్రలు కిడ్నీకి చేటు. డాక్టరు చెప్పకుండా వాటి జోలికి పోకూడదు.

తాగునీటి విషయంలో చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు సగం సంగతే చెబుతుంది. నీటిలో కరిగిన లవణాలెన్నో అది చూపిస్తుంది. ఫ్లోరైడు, నైట్రేటు, సూక్ష్మక్రిములు దానికి అందవు. భారతీయ ప్రమాణాల ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండటం మేలు, వేరే నీరు లేని చోట 2000 వరకు అనుమతి. ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపు మేలు, 1.5 దాటకూడదు. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించుకోవచ్చు. తీరానికి దగ్గరి బోర్లలో ఉప్పదనం వేసవికీ వానాకాలానికీ మారుతుంది కాబట్టి మేలో ఒకసారి, నవంబరులో ఒకసారి చూడాలి. ఆ ఫలితాలు రాకుండా ఆర్వో యంత్రం కొనడం తొందరపాటు. మంచి వంశధార నీరు వస్తున్న ఇంట్లో దానితో పనే ఉండకపోవచ్చు.

అరుగు, గడప, స్నానాల గది

మలివయసు మకాం మార్పులో ఎముకలు విరిగేది ఎక్కువగా ఇక్కడే. పాత ఇంట్లో రాత్రి లేచిన మనిషి కళ్లతో కాక కాళ్ల అలవాటుతో నడుస్తాడు. మంచం నుంచి ఎన్ని అడుగులు, ఎటు తిరగాలి అన్నది ఒంటికే తెలుసు. కొత్త ఇంట్లో అదే అలవాటు మనిషిని గోడ మీదికో మెట్టు మీదికో తీసుకెళ్తుంది. అందుకే వీలైతే మంచం పాత ఇంట్లో ఉన్నట్టే వేయాలి, దిగే వైపు మారకూడదు. మంచం నుంచి మరుగుదొడ్డి దాకా నేలకు అడుగున్నర ఎత్తులో చిన్న దీపాలు రాత్రంతా వెలగాలి.

పల్లెల్లోని పెంకుటిళ్లకు వీధి అరుగు రెండడుగుల ఎత్తు ఉంటుంది. చక్రాల కుర్చీ కోసం వాలుబాట కట్టిద్దామనుకుంటే అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు కావాలి, అంటే 24 అడుగులు. వీధిలో అంత చోటు ఉండదు. చోటు చాలక ఎనిమిది అడుగుల్లో కట్టే నిటారు వాలు వర్షంలో మెట్ల కన్నా ప్రమాదం. దానికి బదులు ఆరేసి అంగుళాల ఎత్తున నాలుగు అంచెలు, ఒక్కో మెట్టు 12 అంగుళాల వెడల్పు, రెండు పక్కలా 32 నుంచి 36 అంగుళాల ఎత్తులో పట్టుకునే కడ్డీలు పెట్టించాలి. అన్ని మెట్లూ ఒకే ఎత్తులో ఉండాలి. చివరి మెట్టు అంగుళం తేడా వచ్చినా కాలు అక్కడే తడబడుతుంది. మెట్టు అంచుకు పసుపు రంగు గీత వేయిస్తే చూపు మందగించినవారికి తెలుస్తుంది.

పెరట్లో విడిగా ఉన్న మరుగుదొడ్డిని అలాగే ఉంచి సర్దుకుందామనుకోవడం అన్నిటికన్నా ఖరీదైన పొదుపు. పడకగది మూలలో కనీసం 5 అడుగులకు 7 అడుగుల గది కట్టించాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపైతే, లోపల పడిపోయిన మనిషి శరీరమే దానికి అడ్డుపడి బయటివారు తీయలేరు. వాకరు పట్టాలంటే తలుపు దారి 32 అంగుళాలు ఉండాలి. కమోడ్ సీటు నేల నుంచి 18 అంగుళాలు ఉంటే మోకాలి నొప్పి ఉన్నవారు లేవగలరు. మామూలు కమోడ్ అంతకన్నా రెండంగుళాలు పొట్టి, కింద దిమ్మె కట్టి ఎత్తాలి.

గోడ కడ్డీల విషయంలో ఈ ప్రాంతపు ఇళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. మట్టితోనో సున్నంతోనో కట్టిన పాత గోడల్లో మేకు బిగువు నిలవదు. టైల్స్ అతికించి, పైన కడ్డీ బిగిస్తే చూడటానికి గట్టిగానే కనిపిస్తుంది, మనిషి బరువు పడ్డ రోజున ఊడి చేతికొస్తుంది. అలాంటి గోడలున్న ఇంట్లో నేలలో కాంక్రీటు పోసి నిలబెట్టే కడ్డీ వాడాలి, లేదా ఆ ఒక్క గోడను ఇటుక, సిమెంటుతో మళ్లీ కట్టించాలి. సముద్రానికి దగ్గరి ఊళ్లలో ఇనుప కడ్డీ ఉప్పుగాలికి తుప్పు పడుతుంది, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మన్నుతుంది. పెరట్లో నుయ్యి గాని బోరు గాని ఉంటే సెప్టిక్ ట్యాంకు ఇంకుడు గుంతను దానికి కనీసం 60 అడుగుల దూరంలో తవ్వించాలి.

ఏళ్ల తరబడి తాళం వేసి ఉన్న ఇంట్లో చెదలు, పెంకుల కింద వాసాలు, కరెంటు తీగలు చూపించాకే కాపురం పెట్టాలి. పాత వైరింగులో ఎర్తు ఉండకపోవచ్చు. తడి చేతులతో గీజరు స్విచ్చి ముట్టుకునే ఇంట్లో కొత్త ఎర్తు గుంత, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి తప్పనిసరి ఖర్చు.

వీటన్నిటికీ ముందు తేలాల్సింది వాటా సంగతి. అన్నదమ్ముల ఉమ్మడి ఇంట్లో రిజిస్టరైన పంపకం లేకుండా స్నానాల గది కట్టిస్తే, డబ్బు పెట్టింది ఒకరైనా గోడ అందరిదీ అవుతుంది. తర్వాత వచ్చే తగవుల్లో చాలా ఇలా పుట్టినవే. పంపకం తేలే వరకు అదే ఊళ్లోనో మండల కేంద్రంలోనో అద్దెకుండటంలో చిన్నతనం ఏమీ లేదు.

ఎప్పుడు రావాలి

జూన్ నుంచి వానలు. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ విజయనగరాన్ని అతలాకుతలం చేసింది. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను పడగొట్టింది. రెండు సార్లూ కరెంటు, ఫోన్లు ఒకటి రెండు రోజుల్లో తిరిగి రాలేదు. అటుపక్క ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత.

మిగిలేది జనవరి చివర నుంచి మార్చి దాకా. గృహప్రవేశాలకు అచ్చివచ్చే మాఘ, ఫాల్గుణ మాసాలు కూడా అవే కావడం సౌకర్యం. నవంబరులో ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ అప్పటికి పాత ఊళ్లోనే పూర్తవుతుంది. మరమ్మతులకు వర్షం అడ్డురాదు. రంగులు, సిమెంటు ఆరడానికి సమయం ఉంటుంది.

రైల్లో వచ్చేవారు గమనించాల్సింది ఒకటుంది. శ్రీకాకుళం రోడ్ స్టేషను ఉన్నది ఆమదాలవలసలో, పట్టణానికి పదమూడు కిలోమీటర్ల దూరంలో. తెల్లవారుజామున దిగే పెద్దవాళ్లకు బండి ముందే చెప్పి ఉంచాలి. ఇక సామాను విషయంలో తలుపుల కొలతలు తీయకుండా బీరువా ఎక్కించకూడదు. ఆరున్నర అడుగుల బీరువా పాత ఇంటి ద్వారంలో నిలువుగా పట్టదు, వాల్చి తిప్పడానికి లోపల చోటుండాలి.

మొదటి తుపాను కాలానికి సిద్ధపడటంలో లెక్కలు సులువు. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ఇన్వర్టరు బ్యాటరీ కాగితం మీద 1800 వాట్ అవర్లు, వాడుకకు దక్కేది 1100 వరకు. పాత రకం ఫ్యాన్లు రెండు, ఎల్ఈడీ బల్బులు మూడు కలిసి 180 వాట్లు, అంటే ఆరు గంటలు. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే అదే బ్యాటరీ పన్నెండు గంటలు వస్తుంది. ఇద్దరు మనుషులకు మామూలు వాడకంలో వెయ్యి లీటర్ల ట్యాంకు మూడు నాలుగు రోజులు, పొదుపుగా వాడితే వారం. తీరంలో వాతావరణం విషమించడానికి 48 గంటల ముందు వాతావరణ శాఖ ఇచ్చే హెచ్చరిక వినగానే ట్యాంకు నింపి, పదిహేను రోజుల మందులు, చేతికి నగదు తెచ్చుకోవాలి. ఇరవై నాలుగు గంటల హెచ్చరిక దాకా ఆగితే షాపుల దగ్గర వరసలు, ఏటీఎంలలో డబ్బు నిండుకోవడం మామూలే. ఆక్సిజన్ యంత్రం మీద ఉన్నవారైతే ఆ 48 గంటల్లోనే జిల్లా కేంద్రానికి మారిపోవాలి. బ్యాటరీని నమ్ముకుని ఉండకూడదు.

కాగితాల వరస

ఇక్కడ తప్పు జరిగేది పనిలో కాదు, వరసలో. ముందు ఆధార్‌కు పనిచేస్తున్న ఫోను నంబరు జతై ఉందో లేదో పాత ఊళ్లోనే చూసుకోవాలి. పాత నంబరు పోతే ఓటీపీ రాదు, దాంతో మిగిలినవన్నీ ఆగిపోతాయి. వయసుతో వేలిముద్రలు అరిగి యంత్రం గుర్తుపట్టనివారు వేలిముద్రలు, కనుపాపల నమోదు కొత్తగా చేయించుకునే రావాలి. తర్వాత ఆధార్‌లో చిరునామా. ఇంటి కాగితం తమ పేరున లేనివారు కుటుంబ పెద్ద ఆధారంతో ఆన్‌లైన్‌లో మార్చుకోవచ్చు, ఆ పెద్ద 30 రోజుల్లోగా అంగీకారం తెలపాలి. అది మారాక బ్యాంకు, గ్యాసు. ఓటు మార్పుకు ఫారం 8 వాడాలి, ఫారం 6 కొత్త ఓటర్లకు. రేషన్ కార్డు రెండు రాష్ట్రాల్లో ఉండకూడదు. అక్కడ పేరు తీయించిన రుజువు తెచ్చుకుంటే ఇక్కడి గ్రామ, వార్డు సచివాలయంలో పని నడుస్తుంది.

పీఎఫ్ పింఛనుదారులకు 2025 జనవరి నుంచి వెసులుబాటు వచ్చింది. కేంద్రీకృత చెల్లింపు విధానం వల్ల పీపీవో (పింఛను చెల్లింపు ఉత్తర్వు) బదిలీ చేయించుకోకుండానే దేశంలో ఏ బ్యాంకు శాఖ నుంచైనా పింఛను తీసుకోవచ్చు. ఏదేమైనా కొత్త ఖాతాలో రెండు నెలలు డబ్బు పడేదాకా పాత ఖాతా మూయకూడదు. గ్యాసు కనెక్షనుకు సిలిండరు, రెగ్యులేటరు అక్కడ అప్పగించి బదిలీ వోచరు తీసుకోవాలి. తిరిగి వచ్చేది ఎప్పుడో కట్టిన డిపాజిట్టే, ఇక్కడ కట్టాల్సింది ఇవాళ్టి రేటు. వేరే రాష్ట్రం బండికి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని పన్నెండు నెలల్లోగా ఇక్కడ నమోదు చేయించాలి.

జిల్లాల విభజన తెచ్చిన చిక్కు ఒకటి. 2022 ఏప్రిల్ 4న రాజాం, సంతకవిటి, వంగర, రేగిడి ఆమదాలవలస మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరానికి మారాయి. పాలకొండ పార్వతీపురం మన్యంలో చేరింది. పాత దస్తావేజులో శ్రీకాకుళం అని ఉన్నా అది చెల్లుతుంది. కొత్త దరఖాస్తులో మాత్రం ఇప్పటి జిల్లా పేరే రాయాలి. పిన్ కోడ్ తపాలా శాఖది కాబట్టి జిల్లా మారినంత మాత్రాన మారదు.

మనుషులు

సొంతూరికి వచ్చాం అన్న మాట ఇంట్లో ఒక్కరికే పూర్తిగా వర్తిస్తుంది, సాధారణంగా భర్తకు. ఆయనకు పాత దోస్తులు, అన్నదమ్ములు ఉంటారు. భార్యది వేరే ఊరు. పెళ్లై కొన్నాళ్లకే భర్తతో భిలాయ్‌కో హైదరాబాద్‌కో వెళ్లిపోయింది. ముప్పై ఏళ్ల స్నేహాలు, భజన మండలి, కూరగాయల బండి పలకరింపులు అన్నీ అక్కడే ఉండిపోయాయి. ఇప్పుడామె అరవై ఏళ్ల వయసులో అత్తవారింట మొదటిసారి కాపురం పెడుతోంది. వెనక్కి వచ్చి సర్దుకోలేకపోయిన కుటుంబాల్లో అసలు కారణం చాలాసార్లు ఇదే. పైకి చెప్పే కారణం ఉక్కపోతో దోమలో అవుతుంది. ఊరు ఖాయం చేసుకునేటప్పుడు ఆమె పుట్టింటికి, అక్కచెల్లెళ్లకు ఎంత దూరం అన్నది కూడా లెక్కలోకి రావాలి. పల్లె బదులు శ్రీకాకుళమో విజయనగరమో పట్టణంలో ఉండాలన్న ఆమె మాటకు విలువ ఇవ్వాలి. అక్కడ నడకకు విజయనగరంలోని అయోధ్య మైదానం లాంటి చోట్లు, గ్రంథాలయాలు, గుళ్లు నడిచి వెళ్లే దూరంలో ఉంటాయి.

పిలుపులు మరో సంగతి. ఊళ్లో ఉన్నవారు పెళ్లికి, పుష్పవతి వేడుకకు, గ్రామదేవత సంబరానికి వెళ్లక తప్పదు, చదివింపులు రాయించక తప్పదు. నగరంలో ఉన్నప్పుడు ఏడాదికి మూడు నాలుగుంటే ఇక్కడ ముహూర్తాల నెలల్లో వారానికి రెండు. నెల ఖర్చు లెక్కలో దీనికి విడిగా ఒక పద్దు ఉండాలి. రిటైరై వచ్చినవారి దగ్గర పెద్దమొత్తం ఉందన్న నమ్మకంతో చేబదులు అడిగేవారూ ఉంటారు. డబ్బంతా డిపాజిట్లలో ఉందని మొదటి నెలలోనే మర్యాదగా చెప్పి, అందరికీ అదే మాట చెబితే మొహమాటాలు తప్పుతాయి.

మతిమరుపు జబ్బు ఉన్నవారిని తెచ్చేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. చోటు మారగానే వారిలో గందరగోళం పెరుగుతుంది, ముఖ్యంగా సాయంత్రం వేళ. పాత దుప్పటి, పాత గోడ గడియారం, దేవుడి పటం ముందే వచ్చి గదిలో ఉండాలి. భోజనం వేళలు మారకూడదు. మొదటి రెండు వారాలు రాత్రి పక్కన మనిషి ఉండాలి. పాత ఇల్లనుకుని వెతుక్కుంటూ బయటికి నడిచే ప్రమాదం ఉంది కాబట్టి వీధి తలుపుకు పైన అందని ఎత్తులో గడియ, చేతికి ఫోను నంబరున్న పట్టీ ఉండాలి. పెరట్లో నేలబారు నుయ్యి ఉంటే ఇనుప జాలీ వేయించకుండా వారిని తీసుకురాకూడదు.

పాత ఇల్లు అమ్మాలా, ఉంచాలా

నగరంలో సొంత ఇల్లు ఉన్నవారు దాన్ని అమ్మి ఆ డబ్బుతో ఇక్కడ కట్టుకోవాలనుకుంటారు. మొదటి ఏడాది అది చేయకపోవడమే నయం. ఒక వేసవి, ఒక వానాకాలం, ఒక అక్టోబరు చూడనిదే ఇక్కడ ఉండగలమో లేదో తేలదు. అమ్మేశాక అదే ధరకు మళ్లీ కొనడం కుదరదు. అద్దె ఒప్పందాన్ని సాధారణంగా 11 నెలలకు రాసుకుంటారు. మాఘంలో ఇక్కడికి వచ్చి ఆ ఇంటిని 11 నెలలకు అద్దెకిస్తే గడువు ముగిసేసరికి తుపాను నెలలు దాటి ఉంటాయి, అమ్మకమా కొనసాగింపా అన్న మాట అప్పుడు భార్యాభర్తలిద్దరూ కూర్చుని తేల్చుకోవచ్చు. ఒప్పందంలో రెండు నెలల ముందస్తు నోటీసు షరతు రాయించడం మరవకూడదు.